వదిలేయడం తెలిసిన రేడియో

షార్ట్‌వేవ్ వినడం హాబీగా పెట్టుకోవాలనుకునేవారు మొదట అడిగేది ఒక్కటే: ఏ రేడియో అయితే ఎక్కువ స్టేషన్లు పడతాయి? కొట్లోవాళ్లూ ఈ ప్రశ్నకు తగ్గట్టే, డబ్బా మీద తొమ్మిది బ్యాండ్లనీ పన్నెండు బ్యాండ్లనీ పెద్దక్షరాలతో అచ్చేసిన సెట్లు తీసి ముందు పెడతారు. ఆ ప్రశ్నను తిరగేసి అడగాలన్నదే ఈ సాయంత్రం నా వాదన. స్టేషన్ పట్టడం ఇవాళ పెద్ద విద్యేమీ కాదు, చవక సెట్టు కూడా పడుతుంది. అక్కర్లేనిదాన్ని ఎంత గట్టిగా వదిలేయగలదన్న దగ్గరే మంచి రిసీవర్ తేలుతుంది. బ్యాండ్ల లెక్క సంగతి ముందే తేల్చేద్దాం. షార్ట్‌వేవ్ అంటే స్థూలంగా 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా. ప్రసార కేంద్రాలు అందులో కొన్ని ముక్కల్లోనే గుంపుగా ఉంటాయి: 49 మీటర్లంటే 6 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల, 31 మీటర్లంటే 9.5 దగ్గర, 19 మీటర్లంటే 15 పైన. తొమ్మిది బ్యాండ్ల సెట్టులో ఎఫ్ఎం, మీడియం వేవ్ పోగా మిగిలిన ఏడూ ఈ ముక్కలే. వాటి మధ్యనున్న జాగా దానికి అందదు. అంకెలు నొక్కితే ఆ ఫ్రీక్వెన్సీకే వెళ్లే డిజిటల్ సెట్టు మీద బ్యాండ్ల గొప్ప రాసి ఉండకపోవచ్చు, కానీ అది మొత్తం మేరను ఖాళీ లేకుండా అందుకుంటుంది.

పట్టడం పెద్ద విద్య కాదని ఎందుకంటున్నానో చెప్పాలి. దూరదేశపు తరంగం వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ దాకా పోయి, అక్కడ వంగి మళ్లీ భూమికి దిగుతుంది. దాని వెంటే రొద కూడా దిగుతుంది. షార్ట్‌వేవ్‌లో, ముఖ్యంగా కింది ఫ్రీక్వెన్సీల్లో, రేడియో లోపల పుట్టే రొద కంటే ఏరియల్ మీదుగా వచ్చే రొదే చాలా ఎక్కువ. అందులో కొంత ఆకాశానిది. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల పిడుగు పడినా ఆ చిటపట ఇక్కడి దాకా వస్తుంది, మనలాంటి ఉష్ణమండలం వాళ్లకు ఆ బాధ ఇంకాస్త హెచ్చు. మిగతాది మనం చేసుకున్నదే: ఎల్ఈడీ బల్బు, ఫోన్ చార్జర్, ఇన్వర్టర్, డాబా మీది సోలార్ ఏర్పాటు. రేడియో రెట్టింపు బలంతో లాగితే స్టేషనూ రెట్టింపవుతుంది, రొదా రెట్టింపవుతుంది. వినేవాడికి ఒరిగేది ఏమీ లేదు.

ఎక్కువ స్టేషన్లు పడే రేడియో గురించి ఇంకో చిక్కు ఉంది, దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం. చాలా చవక సెట్లు వచ్చిన సంకేతాన్ని లోపల ఒకేసారి 455 కిలోహెర్ట్జ్‌కి మార్చుకుంటాయి. ఆ పద్ధతిలో ఒక లోపం పుట్టుకతోనే వస్తుంది. అసలు స్థానానికి 455కి రెట్టింపు దూరంలో, అంటే 910 కిలోహెర్ట్జ్ అవతల, అదే స్టేషన్ మరోసారి వినిపిస్తుంది. 11,900లో బలంగా ప్రసారమయ్యే స్టేషన్, ముల్లు 10,990 మీద ఉన్నప్పుడు కూడా పలుకుతుంది. కొన్నవాడు రెండు స్టేషన్లు పడ్డాయని సంబరపడతాడు. నిజానికి అక్కడ ఉన్నది ఒక స్టేషన్, ఒక పొరపాటు. సంకేతాన్ని రెండుసార్లు మార్చే డబుల్ కన్వర్షన్ సెట్లలో మొదటి మార్పు చాలా ఎత్తు ఫ్రీక్వెన్సీకి జరుగుతుంది కాబట్టి ఈ నకళ్లు చాలావరకు లోపలికే రావు. అంటే ముల్లు ఇటు చివర నుంచి అటు చివరకు తిప్పి ఎన్ని గొంతులు వినబడ్డాయో లెక్కపెట్టే పరీక్షలో చెడ్డ రేడియోనే నెగ్గే ప్రమాదముంది. చిన్న సెట్టుకు ముప్ఫై మీటర్ల తీగ తగిలించినా ఇలాంటిదే జరుగుతుంది: బలమైన స్టేషన్లు లోపల ఒకదానితో ఒకటి కలిసి, ఎక్కడా లేని కొత్త స్టేషన్లను పుట్టిస్తాయి. అందుకే సంకేతాన్ని కావాలనే తగ్గించే మీట ఉన్న సెట్టును నేను తక్కువగా చూడను.

ఇక అసలు గుంపులోకి వద్దాం. ప్రసార కేంద్రాలకు 5 కిలోహెర్ట్జ్‌కి ఒకటి చొప్పున స్థానాలుంటాయి. ఒక్కో ప్రసారమేమో తన స్థానానికి అటు 5, ఇటు 5 పరుచుకుంటుంది. ఒకరి చాప మీద ఇంకొకరి మోకాలు పడక తప్పదు. ఇక్కడ పనికొచ్చేవి ఫిల్టర్లు. 6 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఫిల్టర్‌తో ఒంటరి స్టేషన్ పాట హాయిగా ఉంటుంది, కానీ పక్కన మరొకటి ఉంటే 3 కిలోహెర్ట్జ్‌కి కుదించుకోవాలి. మాట కాస్త ముక్కుతో పలికినట్టుంటుందేమో గాని అర్థమవుతుంది. కాబట్టి కనీసం రెండు వెడల్పులు మార్చుకోగలిగే సెట్టు కొనమంటాను. సింక్రనస్ డిటెక్షన్ అనే సదుపాయం దీని తర్వాతి మెట్టు. ఆకాశంలో దారులు మారుతున్నప్పుడు ప్రసారంలోని మూల తరంగం ఒక్కోసారి సన్నగిల్లి, మాట నలిగి ముద్దయిపోతుంది. ఈ సదుపాయమున్న రేడియో ఆ మూల తరంగాన్ని తానే తయారుచేసి నిలబెడుతుంది. మూల తరంగానికి అటూ ఇటూ ఉన్న రెండు పక్కల్లో ఏ పక్క రొద తక్కువగా ఉందో ఆ పక్కే వినిపించగలదు కూడా. సోనీ 2010, ఆ తర్వాతి 7600జీఆర్ పేరు తెచ్చుకున్నది దీనివల్లే. వాటి తయారీ ఆగిపోయింది గానీ, టెక్సన్ పీఎల్-660లో ఇది ఉంది. ఒక్క పక్కనే పంపే సింగిల్ సైడ్‌బ్యాండ్ వినే వీలు కూడా ఉండాలంటాను. హామ్‌లనే అమెచ్యూర్ రేడియో వాళ్ల సంభాషణలు అది లేకపోతే బాతుల గోలలా ఉంటాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేనాటికి హైదరాబాదు నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం అండమాన్‌లో ఉంది, ఫోన్లు పోయిన చోట మాటలు నడిచింది ఆ రేడియోల మీదనే. అలాంటి రోజున వినగలిగే సెట్టుకు కొంత ఎక్కువ పెట్టినా దండగ కాదు.

అసలు ఈ రోజుల్లో షార్ట్‌వేవ్ ఎక్కడుందండీ అని అడిగేవారుంటారు, న్యాయమైన ప్రశ్నే. రేడియో నెదర్లాండ్స్, కెనడా అంతర్జాతీయ ప్రసారాలు 2012లో షార్ట్‌వేవ్ వదిలేశాయి. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరి 31తో ఆగింది. అయితే అదే బీబీసీ 2022 మార్చిలో ఉక్రెయిన్ కోసం 15,735, 5,875 కిలోహెర్ట్జ్‌ల మీద ప్రసారాలు మొదలుపెట్టింది. టవర్లు కూల్చినా తీగలు కోసినా ఆకాశం దారి తెరిచే ఉంటుందని దానికి తెలుసు. చైనా, రుమేనియా, న్యూజీలాండ్ ఇంకా వినిపిస్తున్నాయి. స్టేషన్లు తగ్గాయన్న మాట నిజమే. దాంతోపాటు ఇళ్లలో రొద పెరిగిందన్నదీ నిజమే. ఈ రెండు నిజాలూ నా వాదనకే బలం: మిగిలింది కొంచెమే అయినప్పుడు దాన్ని రొదలోంచి వేరుచేసే గుణమే ముఖ్యమవుతుంది. ఇంటర్నెట్లోనే వినొచ్చుగా అనేవారికి కూడా అడ్డు చెప్పను. నెదర్లాండ్స్‌లో ట్వెంటె విశ్వవిద్యాలయంలో పెట్టిన రిసీవర్‌ను ఎవరైనా కూర్చున్న చోటినుంచే తిప్పుకోవచ్చు. కానీ అక్కడ వినబడేది ఐరోపా ఆకాశం. మన ఊరి మీద ఏం దిగుతోందో తెలియాలంటే ఏరియల్ మన ఊళ్లోనే ఉండాలి.

పాత వాల్వు సెట్ల మీద మక్కువ ఉన్నవారిది వేరే దారి. వాటి గొంతుకు సాటి లేదు, కానీ ఆ గాజు పలక మీద 5 కిలోహెర్ట్జ్ తేడా కంటికి ఆనదు. ప్రసారాల పట్టికలు ఏటా మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారిపోతుంటాయి కాబట్టి, పట్టికలోని అంకెకు సూటిగా వెళ్లే సెట్టు లేకపోతే వెతుకులాటే మిగులుతుంది. పట్టికల్లో వేళలు యూటీసీలో ఉంటాయి, 5 గంటల 30 నిమిషాలు కలుపుకుంటే మన సమయం.

కొనబోయేముందు ఒక పని చేయండి. ఎవరిదైనా సెట్టు అడిగి తెచ్చి, బ్యాటరీల మీద పెట్టి, చీకటి పడ్డాక 41 మీటర్ల బ్యాండు వినండి. పగలైతే ఈ కింది బ్యాండ్లను ఆకాశమే చాలావరకు మింగేస్తుంది. తర్వాత ఇంట్లో మెయిన్ ఆపి మళ్లీ వినండి. రొద సగానికి పడిపోతే, ఖరీదైన రేడియో కొనడం కంటే రొద చేసే బల్బునో చార్జర్నో పట్టుకుని మార్చడం లాభం. పడిపోకపోతే అది వీధిలోది. డాబా మీదికి వెళ్లి చూడాలి, లేదా రొద వచ్చే దిక్కును తప్పించేలా తిప్పుకోగల లూప్ ఏరియల్ ఆలోచించాలి. కొట్లో మాత్రం పరీక్షించకండి. ట్యూబులైట్లూ టీవీలూ నిండిన ఆ గదిలో ఏ సెట్టయినా ఒకేలా గరగరమంటుంది. వారంలోపు వెనక్కి తీసుకుంటారో లేదో అడిగి, ఒప్పుకున్నవారి దగ్గరే కొనండి. తెచ్చిన రోజు రాత్రే 10,000 కిలోహెర్ట్జ్ మీద చైనా సమయ సంకేతం బీపీఎం టిక్కుల కోసం వెతకండి. దానికి 910 కింద, 9,090 దగ్గర కూడా అవే టిక్కులు వినబడితే మర్నాడు సెట్టు తిరిగిచ్చేయండి.