శ్రమలలో నిలుకడగల విశ్వాసము

(అధ్యక్ష ఖండ శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

ధ్యాన భాగములు: రోమా 5:3-5, లూకా 13:1-5, హెబ్రీ 11:32-40



నూరేండ్లు నిండిన సంతోషముతో మనము కూడియున్నాము. ఇట్టి సభలలో కట్టిన గుడులను, తెరచిన పాఠశాలలను లెక్కించి దేవుని స్తుతించుట మన వాడుక. అది మంచిదే. అయితే బందరు మొదలు గుడివాడ వరకును, ఇటు దివిసీమ చివర సముద్రపు ఒడ్డు వరకును గల మన ప్రాంతమున కట్టినవాటితోపాటు కొట్టుకొనిపోయినవియు అనేకములున్నవి. ఆ రెండవ లెక్కను విడిచి చెప్పిన సాక్ష్యము సగము సాక్ష్యమే. కనుక శ్రమలలో విశ్వాసమందు నిలుచుట యనగా ఏమో, మన నేల చరిత్రనే ముందుంచుకొని ఆలోచింతము.

1. ఫలము కనబడని దినములు

1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షమున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను ఇద్దరు యువకులు బందరునకు వచ్చిరి. ఫాక్స్ ఊరూర తిరిగి సువార్త చెప్పెను. ఆరోగ్యము చెడి స్వదేశమునకు వెళ్లి, 1848లో ముప్పదియొక్క సంవత్సరముల ప్రాయముననే ప్రభువునందు నిద్రించెను. నోబుల్ 1843లో పాఠశాల తెరచెను. ఆ బడిలోనుండి మొదటి బాప్తిస్మములు జరిగినది 1852లో. అనగా తొమ్మిది సంవత్సరములు ప్రతి ఉదయమును గంట మ్రోగెను, పాఠము జరిగెను, ఫలము మాత్రము కంటికి కనబడలేదు. తుదకు ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా ఊరు అట్టుడికిపోయెను. తలిదండ్రులు తమ పిల్లలను మానిపించిరి. బడి దాదాపు ఖాళీ అయినది. ఫలము కనబడిన దినమే బల్లలు ఖాళీయైన దినమాయెను! అయినను బడి మూతపడలేదు. మిగిలినవారికే మరల పాఠము మొదలుపెట్టిరి.

తరువాత 1864 నవంబరు 1వ తేదీ రాత్రి. ఆ రాత్రి ఉప్పెన బందరును ముంచివేసెను. ఇంచుమించు ముప్పదివేలమంది మరణించిరని చరిత్రకారులు చెప్పుదురు. మరుసటి సంవత్సరము నోబుల్ కూడ గతించెను. ఉప్పెన తరువాత కోటలోని సైన్యము బందరు విడిచిపోయెను; బడి మాత్రము నిలిచెను. అదియే తరువాత నోబుల్ కళాశాలయై నేటికిని విద్యార్థులకు చదువు చెప్పుచున్నది.

ఇందులో మనము గమనింపవలసినది ఒకటి. ఆ పెద్దలు నూరేండ్ల తరువాతి సంగతి ఎరిగి నిలువలేదు. మరునాటి పాఠము చెప్పుటకు నిలిచిరి. నిలుకడ యనునది ఒక్క గొప్ప దినమున చేసెడి గొప్ప కార్యము కాదు. మరునాటి పనిని మరునాడు చేయుటయే.

2. బ్రతికినవారు, పోయినవారు

ఇప్పుడు ఇంకను కష్టమైన సంగతికి వచ్చుచున్నాము. 1977 నవంబరు 19, శనివారము. దివిసీమలో ఆ తేదీ తెలియని ఇల్లు లేదు. గాలి, వాన, వాటి వెనుక తాటిచెట్టు ప్రమాణమున సముద్రము. సొర్లగొంది, నాలి, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు తీర గ్రామములలో తాళ్లను, తుమ్మలను పట్టుకొని వ్రేలాడినవారు కొందరు బ్రతికిరి. మరణించినవారు అధికార లెక్కల ప్రకారమే పదివేల దరిదాపు. అంతకంటె ఎక్కువ అన్నవారును కలరు. మరునాడు ఆదివారము. ఆరాధనకు కూడుకొనవలసిన దినమున, మిగిలినవారు బురదలో తమవారి దేహములను వెదకికొనుచుండిరి.

మా తరము వారము ఆ దినమును చూడలేదు; చూచినవారి నోట విన్నాము. అయినను ఆ పెద్దలను కూర్చుండబెట్టుకొని ప్రసంగము చేయవలసిన పని మాది. కనుక ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. సాక్ష్యపు కూటములలో మనము తరచుగా ఇట్లు వినుచుందుము: "మేము ప్రార్థన చేసితిమి, కనుక ప్రభువు మమ్మును కాపాడెను." కృతజ్ఞతతో చెప్పిన మాటయే, కాదనము. అయితే అదే చాపమీద, బిడ్డ చేయి నీటిలో జారిపోయిన తల్లి కూర్చుండియుండవచ్చును. ఆమె ప్రార్థింపలేదా? ఆ బిడ్డ విశ్వాసములో ఏమి కొదువ ఉండెను? మన స్తోత్రము ఆమెకు తీర్పుగా వినబడకూడదు.

ఈ ప్రశ్నకు ప్రభువే జవాబు చెప్పియున్నాడు. సిలోయము గోపురము కూలి పదునెనిమిది మంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె పాపులని తలంపవద్దని ఆయన ఖండితముగా చెప్పి, వినుచున్నవారినే మారుమనస్సునకు పిలిచెను. హెబ్రీ పత్రిక పదునొకండవ అధ్యాయమునకు వెళ్లుడి. అక్కడ కత్తివాత పడక తప్పించుకొనినవారును ఉన్నారు, కత్తివాత పడినవారును ఉన్నారు. ఇద్దరును ఒకే జాబితాలో, విశ్వాసవీరులుగానే లెక్కింపబడిరి. తాడిచెట్టు దొరికినవాడును విశ్వాసియే, దొరకనివాడును విశ్వాసియే. ప్రాణము దక్కుట విశ్వాసమునకు కొలబద్ద కాదు. ఇది మనము నేర్చుకొననియెడల, శ్రమ వచ్చిన ప్రతి ఇంటికిని శ్రమతోపాటు నిందను కూడ మోసికొనిపోవుదుము. యోబు స్నేహితులు చేసినది అదియే.

3. చౌడు విరుగుట

అయితే నిలుచుట ఎట్లు? క్రొత్త నిబంధన మూలభాషలో ఓర్పునకు వాడిన మాట "హుపొమొనే". బరువు క్రింద విడువక నిలిచియుండుట అని దాని భావము. పండ్లు బిగించి ఊరకుండుట కాదు, ఏడ్వకుండుటయు కాదు. యోబు ఏడ్చెను, తాను పుట్టిన దినమును శపించెను, దేవునితో వాదించెను. అయినను యాకోబు తన పత్రికలో ఓర్పునకు మాదిరిగా యోబునే చూపెను. ఎందుకనగా ఆయన వాదించినది దేవునితోనే. దేవుని విడిచి వెళ్లి కాదు.

ఈ సంగతి మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఉప్పెన నీరు దిగిపోయినను పొలములో ఉప్పు మిగులును. ఆ నేలలో వెంటనే నాటిన నారు మాడిపోవును. రైతు ఏమి చేయును? గట్లు వేసి, మంచినీరు పెట్టి, నిలువగట్టి, ఆ నీటిని మురుగు కాలువలోనికి తీసివేయును. మరల పెట్టును, మరల తీయును. జీలుగు చల్లి, ఎదిగిన తరువాత దానిని దమ్ములో త్రొక్కించును. చౌడు ఒక్క తడితో విరుగదు. పొలము తెల్లగా కనబడినన్నాళ్లును అది తన పొలము కాకపోదు; దానిని అతడు విడిచిపెట్టడు.

దుఃఖము తాకిన హృదయమును అట్టిదే. ఒక్క ప్రసంగముతో, ఒక్క ఉపవాస కూటముతో ఉప్పు దిగిపోవలెనని మనము తొందరపడరాదు. పాడలేనివాని ప్రక్కన నిలువబడి సంఘము పాడవలెను. ప్రార్థింపలేనివాని బదులు సంఘము ప్రార్థింపవలెను. మరల వచ్చెవారము, మరల పై ఏట. కీర్తనలలో దుఃఖపు కీర్తనలు అన్ని యుండుట ఊరకనే కాదు. కన్నీటికి కూడ ఆరాధనలో చోటున్నదని తెలియజేయుటకే.

4. మనము చేయవలసినవి

మొదటిది, హెచ్చరికను వినుట. 1990 మే 9న మరల పెను తుఫాను కృష్ణా ముఖద్వారము దగ్గర తీరము దాటెను. ఈసారి ముందుగా లక్షకు పైగా జనమును తరలించిరి. మరణములు వెయ్యికి లోపుగా నిలిచినవి. ఆ ప్రాణములలో ఒక్కటియు తక్కువది కాదు గాని, 1977తో పోల్చి చూచిన తెలియును. దేవుడు కాపాడునని ఇల్లు కదలకుండుట విశ్వాసము కాదు. ఆశ్రయ భవనమునకు నడచుటయు, ప్రక్కింటి ముసలమ్మను చేయిపట్టి నడిపించుటయు విశ్వాసమే. అట్టి దినములలో గుడి తలుపులకు తాళముండరాదు. ఎవరి మతమేది, ఎవరి పేట ఏది అని అడుగరాదు. ఉప్పెన అడుగలేదు కదా!

రెండవది, మెరక ఊళ్లవారు పల్లపు ఊళ్లవారిని మరువకుండుట. గుడివాడకు సముద్రము దూరమే. అయినను 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగగా, గుడివాడ ప్రక్కనున్న నందివాడ మండలపు గ్రామములు నీట చిక్కినవి. నేడు ఇచ్చు చేయి రేపు పుచ్చుకొను చేయి కావచ్చును. ఇచ్చుటకు గర్వమును, పుచ్చుకొనుటకు సిగ్గును వద్దు.

మూడవది, మంచి దినములలో అలవాటు చేసికొనుట. మన తల్లులు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి ప్రభువు కుండలో వేసెడివారు. పేదరాండ్రు, కూలికి పోవువారు. ఆ పిడికెళ్లతో అనేక గ్రామములలో ఉపదేశకులు భోజనము చేసిరి. ఏ పూటకాపూట పిడికెడు ప్రక్కన పెట్టిన చేయి కరవు దినమున వణకదు. అప్పు చేసి కౌలు చేయుచున్న ఇంట, రోగి మంచము ప్రక్కన, ఉద్యోగము దొరకని యువకుని గదిలో నేడు కావలసినది ఆ పిడికెడు నిలుకడయే. ఒక పూట ప్రార్థన, ఒక అధ్యాయము, ఒక పొరుగువాని పరామర్శ.

ప్రియులారా, మన డెల్టాలో ఎంత త్రవ్వినను బండ తగులదు, ఒండ్రుమట్టియే. అయినను ప్రభువు చెప్పిన ఉపమానములో బండమీద కట్టినవాడెవడు? ఆయన మాట విని దాని చొప్పున చేసినవాడు. వాన ఇద్దరి ఇండ్లమీదను కురిసెను. ముందున్న నూరేండ్లలోను గాలివానలు వచ్చును. విని, చేసి, ఒకరినొకరు విడువక నిలుచు కృప పరమతండ్రి మన సంఘములకన్నిటికిని అనుగ్రహించును గాక. ఆమేన్.