వింత అనుభవమును పాటగా కట్టుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము అచ్చులో నున్న విద్యను ఊరివారి చేతికి అందించుచు వచ్చినది. అచ్చుకెక్కని సొత్తు ఒకటి మన యిండ్లలోనే ఉన్నది. ఇప్పపువ్వు ఏరుటకు తెల్లవారక ముందే అడవికి పోవువారు, గోదావరి యొడ్డున రాత్రి కావలి యుండువారు, తాము చూచిన వింతలను, వినిన సవ్వడులను ఇంటికి వచ్చి చెప్పుదురు. వానిని పాటగా కట్టువారును మనలో గలరు. అట్టి పాట నిలుచుటకు ఏమి కావలయునో నేడు విన్నవించెదను.

ఇందుకు మనము దూరము పోనక్కరలేదు. భద్రగిరి కథయే ఒక కలతో మొదలగును. పోకల దమ్మక్క అను గిరిజన స్త్రీకి స్వామి కలలో కనబడి, తాను పుట్టలో నున్నానని చెప్పెనట. ఆమె గోదావరి నీరు కడవలతో తెచ్చి, పుట్టను కరగించి, విగ్రహములను వెలికి దీసి, పందిరి వేసి, తాటిపండు నైవేద్యము పెట్టెనని పెద్దలు చెప్పుదురు. కల వింతయే, కాని కథను మన మనస్సులో నాటినవి ఆ కడవయు, ఆ తాటిపండును.

నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న చరిత్ర మీరెరిగినదే. పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నుండి, సర్కారు సొమ్ముతో ఆలయము కట్టించి, గోల్కొండ చెరసాలలో పండ్రెండేండ్లు గడపెనని ప్రతీతి. 1672లో గద్దె నెక్కిన తానీషాకు రామలక్ష్మణులు ఒక రాత్రి సేవకుల రూపమున కనబడి, ఆరు లక్షల మొహరీలు చెల్లించిరని కథ. ఇచ్చట ఒక విశేషమును గమనింపుడు. ఆ రాత్రి దర్శనము లభించినది తానీషాకు, గోపన్నకు గాదు. వింత జరిగినది నవాబు మందిరములో. మనము నేటికిని పాడుకొను పాటలు చెరసాలనుండి వచ్చినవి.

ఆ కీర్తనలలో ఏమున్నది? ప్రాకారమునకు పట్టిన వరహాల లెక్క ఉన్నది. సీతమ్మకు చేయించిన చింతాకు పతకము ఉన్నది. దేవునిపై కోపమున్నది; దెబ్బలకు తాళలేక తిట్టితినను వేడుకోలును ఉన్నది. తాను చూడని మహిమను చూచినట్లు ఆయన పాడలేదు. తాను పడిన బాధను పడినట్లే పాడెను. అందుచేతనే నూరేండ్లకు పైగా గడచిన పిదప త్యాగరాజస్వామి తన కీర్తనలో రామదాసును తలచెను.

మన కోయ సోదరుల డోలి పాట మరియొక దారి చూపును. పడిగె యను గుడ్డపై చిత్రించిన వంశచరిత్రను చూపుచు, డోలి వాయించుచు, సమ్మక్క సారలమ్మల గాథను వారు పాడుదురు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారికి ఈ విద్యకే 2022లో పద్మశ్రీ లభించినది. ఆయన 2024లో కన్నుమూసిరి. అట్టి గాయకుడు పోయినప్పుడు, వ్రాసికొనని పాట ఆయనతోనే పోవును.

కావున పాట కట్టువారికి నా మనవి యిది. దయ్యము ఎంత పొడవున్నదో చెప్పుటకు ముందు, అప్పుడు మీరెచ్చట నిలిచితిరో, ఏ చెట్టు కదలెనో, మీ చేతిలో ఏమున్నదో చెప్పుడు. పల్లవి పొట్టిగా నుండవలెను, పదిమంది అందుకొనగలుగవలెను. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు వచ్చినది. ఆ అంకె సర్కారు పుస్తకములో నున్నది. ఆ రాత్రి నీటి హోరులో వినబడిన పిలుపు ఎవరిదో తెలియక తల్లడిల్లినవారి భయము మాత్రము పాటలోనే నిలువవలెను.

ఇంకొక మాట కఠినముగా చెప్పవలసి యున్నది. మన ప్రాంతములలో చేతబడి, చిల్లంగి అను అనుమానముతో అమాయకులను కొట్టి చంపిన సంఘటనలు జరిగినవి. పాట ఊరూర తిరుగును. దానితోపాటు పేరును తిరుగును. మీ భయమును ఎంతయైనను పాడుడు. ఆ భయమునకు పొరుగింటి ముసలమ్మను కారణముగా చూపకుడు. జ్వరము వచ్చినవానిని ఆసుపత్రికి కొనిపోయి, పాటను తరువాత కట్టుడు. వింతను వింతగా విడుచుట కవికి లోపము గాదు. తెలియనిదానికి దోషిని వెదకుటయే లోపము.

తుదకు, గ్రంథాలయ కార్యవర్గమువారికి ఒక ప్రార్థన. చదువుగది బల్లపై గట్టి అట్ట గల తెల్లకాగితముల పుస్తకము నొకటి ఉంచుడు. పాట కట్టినవారి అనుమతితో పాటయు, వరుసయు, అది పుట్టిన చోటును, కాలమును వ్రాయింపుడు. కోయపాటను కోయమాటలలోనే తెలుగు లిపిలో వ్రాసి, ప్రక్కన అర్థము చేర్చుడు. వ్రాయనేర్చిన పిల్లలు వ్రాయరాని పెద్దలయొద్ద కూర్చుండవలెను. ఈ పని రేపటికి వాయిదా వేయదగినది కాదు; పెద్దలు మనకొరకు ఆగరు.