32 సూప్ డబ్బాలు, మా మామ బ్రష్

ఇవాళ కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. ఒక సూప్ డబ్బా గురించి మాట్లాడుకుందాం.

ఆండీ వార్హోల్ పేరు వినకపోయినా ఆయన బొమ్మల పోకడ మీరు చూసే ఉంటారు. ఒకే మొహాన్ని నాలుగు రంగుల్లో పక్కపక్కన పెట్టే ఫిల్టర్ ఉంటుంది కదా, దానికి మూలం ఆయనే. పాప్ ఆర్ట్ అంటారు. దుకాణంలో సామాను, సినిమా తారలు, కామిక్స్, పేపర్లో యాడ్లు, అంటే జనం రోజూ చూసేవే తెచ్చి గ్యాలరీ గోడకు ఎక్కించడం. 1950ల్లో ఇంగ్లండులో మొదలైంది, 1960ల్లో అమెరికాలో దుమ్ము లేపింది.

నిజం చెప్తా. మాదాపూర్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేశా. అక్కడ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఒక్కసారి కూడా లోపలికి పోలే. అవి మనలాంటోళ్లకు కాదనుకునేవాణ్ణి. తర్వాత ఆన్‌సైట్ అని న్యూజెర్సీ పంపారు. ఒక శనివారం తోచక న్యూయార్క్‌లో మోమాకి, అంటే మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి పోయా. టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలని ప్రతి గదీ తిరిగా!

ఒక గోడ మీద 32 సూప్ డబ్బాల బొమ్మలు. ఒక్కో కాన్వాసు 20 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు. క్యాంప్‌బెల్ కంపెనీ అప్పట్లో అమ్మిన 32 రకాల సూపులు, రకానికొకటి. నాకు కాపీ, పేస్ట్ లాగే కనిపించింది. ఫర్ లూప్ రాసి 32 సార్లు తిప్పితే అయిపోయే పని. 1962లో లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి పెట్టినప్పుడు కూడా జనం నవ్వారు. పక్కనున్న ఒక గ్యాలరీవాళ్లు అసలు సూప్ డబ్బాలే కిటికీలో పేర్చి, మా దగ్గర చవక అని ఎగతాళి చేశారు. ఆ ప్రదర్శన పెట్టిన డీలర్ మొత్తం 32 కలిపి వెయ్యి డాలర్లకు తనే తీసుకున్నాడు. 1996లో మోమా చేతికి వచ్చేసరికి దాదాపు కోటిన్నర డాలర్లు.

ఈ రేటు సంగతి ఫోటోతో సహా మా మామకి వాట్సాప్ చేశా.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. మాది రామగిరి మండలం, సెంటినరీ కాలనీ దగ్గర. మామ గోదావరిఖనిలో బోర్డులు రాసేవాడు. కిరాణా కొట్ల బోర్డులు, బొగ్గు బావుల దగ్గర గోడల మీద రక్షణ నినాదాలు, లారీల వెనక గులాబీలు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

ఇండియాలో అప్పుడు రాత్రి పదకొండున్నర. వెంటనే వీడియో కాల్ చేశాడు. డబ్బుల మాటే ఎత్తలేదు.

"దగ్గరికి పోరా. ఒక్కో డబ్బా చూపెట్టు."

గార్డు నన్నే చూస్తున్నాడు. గీత దాటకుండా జూమ్ చేశా.

"ఇది అచ్చు కాదురా, చేత్తో ఏసిండు. కింద ఆ పువ్వుల వరుస చూడు, ఒకటి పైకి, ఒకటి కిందికి. ముద్ర గుద్దిండు. గుద్దేటప్పుడు చెయ్యి కదిలింది."

నేను పది నిమిషాలు అక్కడే నిలబడ్డా, నాకు కనబడలే. మామ చెప్పాక కనబడింది. తర్వాత అక్షరాలు చూశా. ఒక డబ్బా మీద అక్షరం లావు, ఇంకోదాని మీద సన్నం. చెడ్డార్ చీజ్ డబ్బాకి మిగతావాటికి లేని పట్టీ ఒకటుంది. అన్నిటికీ మధ్యలో బంగారు రంగు బిళ్ళ, లోపల ఏమీ లేదు.

"అసలు డబ్బా మీద కూడా ఇట్లనే ఖాళీ ఉంటదా?" అన్నాడు మామ. వెతికా. అసలు డబ్బా మీద 1900 పారిస్ ఎగ్జిబిషన్ పతకం ఉండేది, సన్నటి బొమ్మలతో. వార్హోల్ వాటిని వదిలేశాడు. "నేనైనా ఇడిచిపెడుదు," అన్నాడు మామ. "దూరంకెళ్లి చూసేటోనికి అది కనబడదు."

రూముకొచ్చి చదివితే మామ చెప్పిందే కరెక్ట్. డబ్బా బొమ్మని కాన్వాసు మీదికి ప్రొజెక్ట్ చేసి, పెన్సిల్‌తో గీసుకుని, చేత్తో రంగు వేశాడు. కింది పువ్వులు మాత్రం ముద్రతో గుద్దినవి. ఆ ఏడాదే తర్వాత స్క్రీన్ ప్రింటింగ్‌కి మారాడు. మార్లిన్ మన్రో బొమ్మలు అట్లా వచ్చినవే. పెద్ద రహస్యమేం కాదు, మన దగ్గర పెళ్లి కార్డులు కొట్టే పద్ధతే. ఫ్రేముకి జాలీ బట్ట, రంగు లాగడానికి రబ్బరు పట్టీ.

ఇంకోటి తెలిసింది. వార్హోల్ పుట్టింది పిట్స్‌బర్గ్‌లో. బొగ్గు, ఉక్కు ఊరు. వలసొచ్చిన కూలీ కొడుకు. న్యూయార్క్ వచ్చి ఏళ్ల తరబడి యాడ్లకు బూట్ల బొమ్మలు గీశాడు. జేమ్స్ రోజెన్‌క్విస్ట్ అనే ఇంకో పాప్ ఆర్టిస్టు టైమ్స్ స్క్వేర్‌లో హోర్డింగులు రాసినవాడు. మన ఎం.ఎఫ్. హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేశాడు. ఇదంతా చెప్తే మామ ఒక్కటే అడిగాడు: "టైమ్స్ స్క్వేరాయన ఎంత ఎత్తు ఎక్కేటోడు?"

ఇక్కడ నా సంగతి ఒకటి ఉంది. బీటెక్ సెకండియర్ సెలవుల్లో నేను ఒక ఫ్లెక్స్ షాపులో డిజైనర్‌గా చేశా. మామ రెండ్రోజులు రాసే బోర్డు నాకు ఇరవై నిమిషాల పని. ఒకరోజు ఒక కిరాణా ఆయన పాత బోర్డు ఫోటో తెచ్చి ఇట్లనే కావాలన్నాడు. చూడగానే తెలిసింది, అది మామ రాసింది. ఆ అక్షరాలు ఏ ఫాంటులోనూ దొరకలే. దగ్గరగా ఉన్నదేదో పెట్టి ఇచ్చేశా. డబ్బులు తీసుకున్నా. మామకి చెప్పలే. ఆ తర్వాత రెండేళ్లకే మామ ఆటో కొన్నాడు.

ఈ వీడియో చేస్తూ దాచడం బాగోదనిపించి నిన్న ఫోన్ చేసి చెప్పేశా. కాసేపు సప్పుడు లేదు.

"తెల్సురా," అన్నాడు. "అప్పుడే చూసిన. శ్రీ కింద ర వత్తు చిన్నగ పెట్టినవ్. రోడ్డవతలికెళ్లి కనబడకపోతుండె."