ఉత్తరముల వాకిట కావలి

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురములలో అంగళ్ళు, మండీలు నడుపుకొను మనలో పలువురు విండోసుతో వచ్చిన ‘మెయిల్’ అను ప్రోగ్రాముననే ఈమెయిలు చూచుకొనుచుండిరి. దానికి మైక్రోసాఫ్టు వారి మద్దతు 2024 డిసెంబరు 31తో ముగిసినది. దాని స్థానమున దేనిని పెట్టుకొనవలెనని మమ్ము పలువురు అడుగుచున్నారు. చెత్తను బాగుగా ఆపునది కావలెనని అందరి కోరిక.

కోరిక న్యాయమైనదే. 1978 మే 3న గ్యారీ థుర్క్ అను అమెరికా అమ్మకపు ఉద్యోగి సుమారు 400 మందికి ఒకేసారి కంప్యూటర్ల ప్రకటన పంపెను. అడుగని ఈమెయిళ్ళకు అదియే ఆది యని చెప్పుదురు. నేడు ప్రకటనల వెంట బ్యాంకు పేరిట, పన్ను శాఖ పేరిట మోసమును వచ్చుచున్నది.

అయినను మేము మరియొక మాట మనవి చేయుచున్నాము. పది చెత్త ఉత్తరములు లోనికి వచ్చిన పోవునది కొన్ని నిమిషములు. హిందూపురము నుండి వచ్చిన ఒక్క ఆర్డరు చెత్తలో పడిన పోవునది బేరము. పన్ను నోటీసు పడిన పోవునది గడువు. జీమెయిలున చెత్త సంచిలో చేరినది 30 దినములకు దానంతట అదియే చెరిగిపోవును. కావున ‘ఎంత చెత్త నాపును?’ అనుటకు ముందు ‘మంచి ఉత్తరము నాపినచో మనకు తెలియునా? దిద్దుటకు వీలున్నదా?’ అని విచారింపవలెను. వాకిటి కుక్క దొంగను చూచి మొరిగిన చాలదు, చుట్టమును కరవరాదు.

ఈ కావలి రెండు చోట్ల నుండును. మొదటిది మన ఖాతా నడుపు కంపెనీ సర్వరు వద్ద. రెండవది మన కంప్యూటరులోని ప్రోగ్రామున. ప్రోగ్రాము మార్చినంత మాత్రమున మొదటి కావలి మారదు. పాప్ పద్ధతిని ఉత్తరములు దింపుకొన్నచో సాధారణముగా ఇన్‌బాక్సు మాత్రమే దిగును. సర్వరు వద్ద ఆగినది మన కంటబడదు. ఐమ్యాప్ పద్ధతిని చెత్త సంచియు కనబడును. కావున ఏ ప్రోగ్రామైనను ఐమ్యాప్ పద్ధతినే పెట్టుకొనుడు.

మైక్రోసాఫ్టు వారు పాతదానికి బదులుగా క్రొత్త అవుట్‌లుకును ఇచ్చుచున్నారు. ఉచిత ఖాతాలవారికి అందు ఉత్తరముల జాబితాలోనే ప్రకటనలు కనబడును. మొజిల్లా వారి థండర్‌బర్డు 2004లో మొదటి పూర్తి రూపమున వెలువడినది; వెల లేదు. మనము ‘చెత్త’, ‘చెత్త కాదు’ అని గుర్తు పెట్టిన కొలది అందలి మాటలను లెక్కించి అది నేర్చుకొనును. ఈ లెక్కల పద్ధతిని 2002లో పాల్ గ్రాహమ్ ఒక వ్యాసమున వివరించి ప్రచారమునకు తెచ్చెను. చెత్తను మాత్రమే చూపిన చాలదు. మంచివానిని కూడ చూపవలెను. అడ్రసు పుస్తకమున నున్నవారి ఉత్తరములను చెత్తగా తలపకుండునట్లు కూడ అందు ఏర్పాటు కలదు. అందుచేత మా ఎంపిక థండర్‌బర్డు.

ఇందు మనకు ప్రత్యేకమైన సంగతి యొకటి కలదు. మన పెట్టెలోనికి కన్నడము, తెలుగు, ఇంగ్లీషు మూడును వచ్చును. మదనపల్లి నుండి చుట్టము తెలుగున వ్రాసిన ఉత్తరము చెత్తలో పడెనేని, ఇకపై ఇంగ్లీషుననే వ్రాయుమని చెప్పుట తగదు. దానిని వెలికి తీసి ‘చెత్త కాదు’ అని గుర్తు పెట్టుడు. యంత్రమునకు మన భాష నేర్పవలసినది మనమే గాని, యంత్రము కొరకు మన భాష విడువవలసిన పని లేదు.

పాత ప్రోగ్రాము నుండి మారు ముందు చిరునామాలను, ఉత్తరములను వేరుగా భద్రపరచుకొనుడు. పద్దు చూచుకొనునట్లే వారమునకొకసారి చెత్త సంచి చూచుకొనుడు. ఎంతటి కావలియైనను మోసపు ఉత్తరమొకటి జారి రాగలదు. బ్యాంకు ఖాతా మారినదని వచ్చినచో, మనవద్ద మునుపే యున్న నంబరుకు ఫోను చేసి అడిగిన పిదపనే పైకము పంపుడు. పైకము పోయినచో జాగు చేయక 1930కి ఫోను చేయుడు.