ధిక్కారానికి దండలు వేస్తున్న వేళ

(నెల్లూరు తీరంలో జరిగిన ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ నుంచి వచ్చిన మమ్మల్ని ఈ సముద్రపు ఒడ్డున మాట్లాడమన్నందుకు వందనాలు. 2014లో రాష్ట్రాలు వేరైనా పాటకు, కవితకు సరిహద్దు చెక్‌పోస్టు లేదు. అందుకే మీ నేల నుంచే మొదలుపెడతాం.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కందుకూరు ప్రాంతం నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ ప్రాంతంలోని లింగసముద్రం మహాస్వప్నది. దిగంబర కవులు ఆరుగురిలో ఆయన ఒకరు. 1965, 1966, 1968లలో వాళ్ల మూడు సంపుటాలు వచ్చాయి. మొదటిదాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడు, రెండోదాన్ని విజయవాడలో ఒక హోటల్ కార్మికుడు, మూడోదాన్ని విశాఖలో ఒక యాచకురాలు ఆవిష్కరించారు. ఇది కవిత్వమే కాదు, బూతు అని పెద్దలు ఈసడించారు. 1971లో ఆ ఆరుగురిలో ముగ్గురిని, అంటే చెరబండరాజు, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్‌లను, ముందస్తు నిర్బంధ చట్టం కింద జైలుకు పంపారు.

మరి తర్వాత? అదే నిఖిలేశ్వర్ 'అగ్నిశ్వాస'కు 2020 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నాడు ఈసడించిన కవిత్వం నేడు విశ్వవిద్యాలయాల్లో పరిశోధనాంశం.

మా గద్దరన్న సంగతి చూడండి. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో ఒక తూటాతోనే 26 ఏళ్లు బతికిండు, పాడిండు. 2023 ఆగస్టులో కన్నుమూస్తే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టారు. 2025 జూన్‌లో వాటిని ప్రదానం చేశారు కూడా.

ఇదెట్లా జరుగుతుంది? మొదటిది, కాలం. ఆ కవిత ఎవరిని తిట్టిందో వాళ్లు పోతారు. తిట్టు మిగిలినా తగిలేవాడుండడు. రెండోది, చదివినవాళ్లు. నాడు ఆ సంపుటాలను దాచుకుని చదివిన విద్యార్థి రేపు అధ్యాపకుడవుతాడు, సిలబస్ తయారుచేసే కుర్చీలో కూర్చుంటాడు. మూడోది, పాలకుల అవసరం. జనం గుండెల్లో ఉన్న గొంతును కాదంటే ఓట్లు పోతాయి, అవునంటే పేరొస్తుంది. ఆ లెక్క కుదరనన్నాళ్లు ఎంత గొప్ప పాటైనా గుమ్మం బయటే. ఉద్యమకాలంలో సభసభనా మార్మోగిన అందెశ్రీ 'జయ జయహే తెలంగాణ' రాష్ట్రగీతం కావడానికి రాష్ట్రం వచ్చాక కూడా పదేళ్లు, 2024 దాకా, ఆగాల్సి వచ్చింది.

అవార్డు పుచ్చుకున్న కవి అమ్ముడుపోయాడని మేము అనం. జైలు చూసినవాడికి శాలువా కప్పితే అది సమాజం తీర్చుకున్న బాకీ. మా పేచీ కవితో కాదు, శాలువా కప్పే చేతితో. హుస్సేన్‌సాగర్ గట్టు మీద శ్రీశ్రీ విగ్రహం నిలిపిన రాష్ట్రమే, ఆయన తొలి అధ్యక్షుడిగా ఉన్న విరసాన్ని 2005 ఆగస్టులో నిషేధించింది. నవంబరుకల్లా ఆ నిషేధం నిలవకుండా పోయింది, అది వేరే మాట. రాతి శ్రీశ్రీ ముద్దు, రాసేవాడు చేదు! పాలకుల ఆమోదానికి ఇంతకంటే కొలమానం ఏం కావాలి?

కాబట్టి విద్యార్థి మిత్రులు, ఉద్యోగ సోదరులు ఒక్క పని చేయాలి. దిగంబర కవిత్వం పాఠంగా చెప్పినప్పుడు ఆ ముగ్గురి జైలు గురించీ చెప్పండి. గద్దర్ పేరిట అవార్డు ఇచ్చిన రోజున ఆ తూటా గురించీ అడగండి. అన్నిటికంటే ముందు, ఇవాళ మీ ఊళ్లో పాట పాడినందుకు కేసు మోస్తున్న పిల్లగాడెవరైనా ఉంటే, కోర్టు వాయిదా రోజున వాడి పక్కన నిలబడండి. వాడికి శాలువా కప్పడానికి యాభై ఏళ్లు ఆగనక్కర్లేదు.

జోహార్ ధిక్కార కవులకు!