ఏడు వీథుల కూడలి

లండను నగరమున కోవెంట్ గార్డెన్ సమీపమున సెవెన్ డయల్స్ అను కూడలి కలదు. ఏడు వీథులు అచ్చట కలియును. నేడు ఆ వీథులలో ఖరీదైన దుస్తుల అంగళ్లు, కాఫీ హోటళ్లు, నాటకశాలలు విలసిల్లుచున్నవి. రెండు వందల యేండ్ల క్రిందటనో, ఆ పేరు విన్న పెద్దమనుష్యులు ముఖము చిట్లించెడివారు. ఈ మార్పు ఎట్లు కలిగినదో తెలిసికొనుట మనకును ఉపయోగకరమని మేము తలంచుచున్నాము.

1690 దశకము ఆరంభమున థామస్ నీల్ అను పార్లమెంటు సభ్యుడు సంపన్నుల నివాసమునకై ఈ వీథులను వేయించెను. ఇంటి అద్దె వీథివైపు ముఖభాగపు కొలతను బట్టి వచ్చెడిది. వీథులను నక్షత్రమువలె తీర్చినచో ముఖభాగము పెరుగును, రాబడియు పెరుగును. నడుమ సూర్యగడియారముల స్తంభమొకటి నిలిపిరి. తొలుత ఆరు వీథులే తలపెట్టుటచే దానికి ఆరు ముఖములే యుండెను. స్తంభమే ఏడవ గడియారమని జనులు చమత్కరింతురు.

కాని సంపన్నులు అచ్చట నిలువలేదు. ఇండ్లు గదులుగా చీలినవి. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము తలదాచుకొనెను. చవుకగా దొరకు జిన్ సారాయి ఆ పేటను ముంచివేసెను. చిత్రకారుడు హోగార్త్ 1751లో చెక్కిన ‘జిన్ లేన్’ చిత్రము ఆ ప్రాంతమున కానుకొనియున్న సెయింట్ జైల్స్ పేట దుఃస్థితియే. స్తంభము చుట్టును అవాంఛనీయులు గుమిగూడుచున్నారని 1773లో అధికారులు దానిని తొలగించిరి. స్తంభము పోయెను గాని దారిద్ర్యము పోలేదు. 1830 దశకమునందు డికెన్సు ఆ సందుల మురికిని, కలహములను వర్ణించి వ్రాసెను.

పిమ్మట 1847లో సెయింట్ జైల్స్ మురికివాడను చీల్చుకొని న్యూ ఆక్స్‌ఫర్డ్ వీథి వెలసినది. రహదారి బాగుపడినది, మరి ఇండ్లు కోల్పోయినవారు ఏమైరి? పొరుగుననున్న చర్చి లేన్ సందులో 1841లో 655 మంది యుండగా, 1847 నాటికి 1,095 మంది అయిరి. మురికివాడ నశింపలేదు, ప్రక్కసందులోనికి జరిగినదన్నమాట.

ఇరువదవ శతాబ్దమున మరల అట్టి ఆపదయే వచ్చినది. కోవెంట్ గార్డెన్ కూరగాయల, పండ్ల అంగడి తరలిపోవుచుండగా, ఆ ప్రాంతమున పెక్కు కట్టడములను కూల్చి కొత్తవి కట్టుటకు పాలకులు పథకము వేసిరి. నివాసులు గట్టిగా ఎదిరించిరి. 1973లో ప్రభుత్వము పలు పాత భవనములకు రక్షణ కల్పించగా ఆ పథకము ఆగినది. 1974లో అంగడి నైన్ ఎల్మ్స్‌కు తరలినది. ఖాళీ అయిన గిడ్డంగులలోనికి క్రమముగా చిన్న అంగళ్లు, తరువాత పెద్ద అంగళ్లు వచ్చినవి. తొలగిన స్తంభమునకు ప్రతిరూపము 1989లో అదే కూడలిలో ఆవిష్కృతమైనది.

ఒక వీథి శుభ్రపడినదని మనము సంతోషించుట సహజమే. అయితే అచ్చట నివసించిన పేదలు ఎచ్చటికి పోయిరను ప్రశ్నను మరువరాదు. చర్చి లేన్ లెక్కలు మనకు చెప్పునది ఇదియే.