గోల్ఫు మైదానమందలి గరిక



వినాయక చవితినాడు గరికను భక్తితో కోసి పూజింతుము. చేలో కనబడినచో వేసవి దుక్కి దున్ని, దాని వేళ్లను పైకిలాగి యెండబెట్టుదుము. ఆ గరికయే అమెరికా దక్షిణ రాష్ట్రములలో గోల్ఫు మైదానములకు ప్రాణము. అక్కడ దానిని బర్ముడా గడ్డి యందురు. గోల్ఫనగా విశాలమైన పచ్చికబయలున చిన్న బంతిని కఱ్ఱతో కొట్టుచు, దూరదూరముగానున్న గుంటలలో పడవేయు ఆట. ఆడువాని నేర్పుకంటె గడ్డిని కాచువాని నేర్పే గొప్పదని నా తలంపు.

జార్జియా రాష్ట్రములోని టిఫ్టను పరిశోధనా క్షేత్రమున గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు, మన గరికకును ఆఫ్రికా గరికకును పుట్టిన సంకరములనుండి సన్నని యాకుగల రకములను వెలువరించెను. వానిలో టిఫ్‌వే అనునది 1960లో వచ్చినది. దీనికి మొలకెత్తు విత్తనము లేదు. తీగముక్కలు నాటియే పెంచవలెను.

గరిక యెండలో బలియు గడ్డి. కనుక దానికి చేయు కఠినచికిత్స యెల్ల వేసవిలోనే జరుగవలెను. ఆటగాండ్ర నడకచేతను యంత్రముల బరువుచేతను నేల గట్టిపడి, వేళ్లకు గాలియు నీరును అందవు. అప్పుడు బోలు ఇనుపగొట్టములు గల యంత్రముతో నేలను జల్లెడవలె పొడిచి, మట్టికడ్డీలను పైకి తీసి, ఆ రంధ్రములలో ఇసుక నింపుదురు. ఆటగాండ్రు సణుగుదురు. సణిగిన నేమి? గడ్డి ముమ్మరముగా పెరుగునప్పుడు చేసిన గాయము కొలది వారములలో మానును. అదే గాయము శీతకాలమున చేసినచో వసంతమువరకు నోరు తెరచుకొనియే యుండును.

చలి ముదిరినపుడు గరిక ఎండుగడ్డివలె వెలవెలబోవును. అది చావు కాదు. వేళ్లలోను భూమిలోని కాండములలోను ఆహారము దాచుకొని నిద్రించుట. కాని చూచువారికి పచ్చదనము కావలెను. అందుచే పలుచోట్ల ఆకురాలుకాలమున గరికపై రై గడ్డి విత్తనము చల్లుదురు. చలికాలమంతయు మైదానము పచ్చగా నుండును. చిక్కు వసంతమున వచ్చును. గరిక మేలుకొని చిగిర్చు సమయమునకు రై గడ్డి దానికి నీడయై యెండను అడ్డును, నీటిని త్రాగివేయును. నీరసించిన గరిక అచ్చటచ్చట చచ్చి, మైదానము మాడలు మాడలుగా బయటపడును. అప్పుడు రై గడ్డిని పొట్టిగా కోసియో, మందు కొట్టియో తొలగింపవలసివచ్చును. తామే చల్లి తామే చంపుట!

కొందఱు నిర్వాహకులు ఈ చల్లుట మానుకొని, మైదానమును ఎండురంగుననే యుంచుచున్నారు. నేను వారి పక్షమువాడను. విత్తనపు వ్యయమును చలికాలపు నీరును మిగులును; ఎండిన గరికపై బంతియు చక్కగా దొర్లును. అయితే నిద్రించు గడ్డి తన గాయమును తాను మాన్చుకొనలేదు. కావున ఆ నెలలలో త్రాళ్లు కట్టి, జనమును బండ్లను ఒకే దారిని త్రొక్కనీయక, దారులు మార్చుచుండవలెను.